విశ్రాంతి గ్రూపులో డ్రిల్లు టీచరు

మా ఆవిడ ఇందిరమ్మ కూర్చుని అన్నం తినగా చూడడానికి నాకు పెళ్లయ్యాక పదిహేనేళ్లు పట్టింది. అబద్ధం కాదండీ. కంచం చేత్తో పట్టుకుని వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూ తినేది. ముద్ద నోట్లో ఉండగానే తొట్టిలో నీళ్లు చూసేది, ఆరేసిన బట్టలు తిరగేసేది, పక్కింటి మేకను అదిలించి వచ్చేది.

"రవంత గమ్మున కూర్చోవే. నిన్ను సూస్తాంటే నాకు కండ్లు తిరగతాండాయి" అంటే, "కండ్లు మూసుకో" అనేది. అదే జవాబు. ఇంకో జవాబు ఎప్పుడూ రాలేదు.

నాదేమో పుంగనూరు బస్టాండు ఎదురుగా గడియారాల రిపేరు అంగడి. పొద్దున కంటికి అద్దం తగిలించుకుని కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికే లేచేది. మధ్యలో కదిలానంటే చిన్న చిన్న మరలు ఎక్కడ దొర్లిపోతాయో ఆ దేవుడికే తెలియాలి. ఇలాంటి ఇద్దరిని ఒక ఇంట్లో పెట్టి దేవుడు తమాషా చూస్తున్నాడని మా అమ్మ నవ్వేది.

ఆమెది గుర్రంకొండ. కోట ఉన్న కొండ కిందనే ఇల్లు. చిన్నప్పుడు మగపిల్లలతో పందెం వేసుకుని కొండెక్కి దిగేదట. నేను పెళ్లిచూపులకు పోయినప్పుడు చాప మీద కూర్చోబెట్టారు. మేం కాఫీ తాగేలోపే లేచింది, దూడ తాడు తెంపుకుందని. వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది. ఈసారి ఏ దూడా లేదు, ఊరికే లేచింది. "ఈ పిల్లకు కాలు నిలవదురా మధుసూదనా" అని మా పెద్దమ్మ ఆ వేళే నా చెవిలో ఊదింది. నాకు ఆ నిలవని కాలే నచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

పెళ్లినాటికే ఆమె వ్యాయామ విద్యలో ట్రైనింగు పూర్తి చేసింది. తొంభైల మొదట్లో పుంగనూరులోనే ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఊరంతటికీ డ్రిల్లు టీచరమ్మ. కొంగు నడుముకు దోపి, చీర కింద కాన్వాసు బూట్లు తొడిగి, మెడలో నల్లతాడుకు ఈల వేలాడదీసుకుని బజారులో నడిచిపోతుంటే నవ్వేవాళ్లు నవ్వారు. ఆమె పట్టించుకుంటేగా! మాకు పిల్లలు లేరు. ఆమెకు బడినిండా పిల్లలే. రోలు రోకలి తప్ప ఏమీ తెలియని ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలను పట్టుకుని ఖోఖో టీము తయారు చేసింది. చిత్తూరులో పోటీలకు తీసుకుపోయింది. గెలిచిన రోజు బస్సు దిగి ఇంటికి రాకుండా నేరుగా నా అంగడికొచ్చి, గిరాకీలు చూస్తుండగా చేతులు తట్టి ఎగిరింది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఏదీ నోటితో చెప్పి ఊరుకోదు. తాను చేసి చూపిస్తుంది. పరుగంటే ముందు తాను పరిగెత్తాలి, వంగడమంటే ముందు తాను వంగాలి. పిల్లలు చేసినంతసేపూ ఎదురుగా తాను కూడా చేస్తూనే ఉంటుంది. "నోటితో సెప్పేది డ్రిల్లెట్లయితాది? అది ఉపన్యాసం" అనేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మా కొంప ముంచింది ఇదే.

రెండువేల రెండులో, వానలు పడే రోజుల్లో, ఖోఖో స్తంభం దగ్గర మలుపు ఎలా తిరగాలో చూపిస్తూ జారింది. పాదం తడి మట్టిలో దిగబడిపోయింది, మనిషి తిరిగిపోయింది. లోపల ఏదో తెగిన చప్పుడు పిల్లలకు కూడా వినిపించిందట. ఆటోలో నా అంగడి ముందు దించారు. ఆమె ఏడవలేదు. మెడలోంచి ఈల తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది దాసిపెట్టు. నేను లేనప్పుడు పిల్లోల్లు ఊది పాడు చేస్తారు" అంది.

ముందు పుత్తూరుకు తీసుకుపోయాను. మా చిత్తూరు జిల్లాలో కాలు విరిగినా చెయ్యి విరిగినా ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. అక్కడి పెద్దాయన మోకాలంతా వేళ్లతో తడిమి చూసి, "ఎముక బాగుండాది తల్లీ. లోపల పట్టు తెగింది. ఇది మా కట్టుకు రాదు, పెద్ద డాక్టరుకు సూపించుకో" అని ఉన్నమాట చెప్పి పంపించాడు. తిరుపతిలో డాక్టరు మోకాలి లోపలి లిగమెంటు సగమే తెగిందనీ, కోయాల్సిన పని లేదనీ, కొన్నాళ్లు కాలు కదపొద్దనీ అన్నాడు.

ఆ కొన్నాళ్లు మా ఇంట్లో ఏం జరిగిందో పగవాడికి కూడా వద్దు. కాలు స్టూలు మీద, మనిషి కుర్చీలో, నోరు మాత్రం ఊరంతా. అన్నం వేళకు మాత్రం గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే తినేది. చీపురు అలా పట్టకూడదని నాకు, పాలు అలా పొయ్యకూడదని పాలాయనకు, పందిరి అలా వెయ్యకూడదని ఎదురింటివాళ్లకు పాఠాలు. ఒకరోజు నేను వంగి బూటు లేసు కట్టుకుంటుంటే, "మోకాలు వంచగలవు కదా, నీకేం" అని ఒక్కసారిగా ఏడ్చేసింది. నేను ఆ రోజు అంగడి తెరవలేదు.

చేతికర్రతో బడికి పోయింది. హెడ్మిస్ట్రెస్ శాంతకుమారిగారు మంచి మనిషే, కానీ జాగ్రత్త ఎక్కువ. లైబ్రరీలో కూర్చోబెట్టింది.

"గ్రౌండుకు పంపాలంటే నువ్వు పరిగెత్తగలవని వైద్యం తెలిసినవాళ్లు ఎవరైనా రాసియ్యాల ఇందిరమ్మా. పిల్లల ముందర పడితే నాకు మాటొస్తాది. వచ్చే జూను దాకా సూస్తా. అప్పటికీ కాకపోతే వేరే టీచర్ని అడగతా" అంది.

అంటే ఆ జూను లోపల మోకాలు బాగుపడాలి, బాగుపడిందని ఎవరో ఒకరు కాగితం మీద రాసివ్వాలి. లేకపోతే రిటైరయ్యేదాకా పుస్తకాల దుమ్ము దులుపుతూ కూర్చోవాలి. గోడ అవతల పిల్లలు అరుస్తుంటే ఈమె బీరువాల మధ్య కుర్చీలో.

అలాంటి సమయంలో బస్టాండు గోడ మీద, సరిగ్గా నా అంగడికి ఎదురుగా, ఒక కాగితం అంటించారు. కుప్పంలో అద్దె భవనంలో కొత్తగా పెట్టిన కీళ్ల కేంద్రం వాళ్లది. మోకాలి గాయాల మీద పరిశోధన చేస్తున్నారట. గాయపడినవాళ్లు స్వచ్ఛందంగా వచ్చి చేరితే మూడు నెలలు చూసుకుంటారట. చదివి ఇంటికెళ్లి చెప్పాను. చెప్పు వేసుకోకుండానే వాకిట్లోకి వచ్చేసింది.

కుప్పంలో ఆ గదిని చూసుకునేది భార్గవి అనే అమ్మాయి. బెంగళూరులో ఫిజియోథెరపీ చదువుకుని వచ్చింది. చిన్న మనిషి, పెద్ద కళ్లజోడు. ఆమెకు పైన సుదర్శన్ అనే డాక్టరు. భార్గవి అందరినీ చాపల మీద కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. వచ్చినవాళ్లలో సగం మంది రోజూ కాలికి కసరత్తు చేయాలి. మిగతా సగం మంది వేడినీళ్ల సంచి పెట్టుకుని, కట్టు కట్టుకుని, విశ్రాంతిగా ఉండాలి. మూడు నెలల తర్వాత ఎవరి మోకాలు ఎంత బాగుపడిందో కొలుస్తారు. విశ్రాంతి వాళ్లకు ఆ తర్వాత కసరత్తు నేర్పుతారు. చివరి పరీక్షలో పరిగెత్తగలిగినవాళ్లకు ఆ మాట రాసిస్తారు.

ఎవరు ఏ గ్రూపో మూసిన కవర్లలో చీటీ. ఇందిరమ్మ తన కవరు చింపింది. విశ్రాంతి!

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె నా వైపు చూసిన చూపుకు గడియారం ఆగిపోవాలి.

"ఇదేందమ్మా? నన్ను కూర్చోబెట్టేదానికి కుప్పం దాకా రమ్మనాల్నా? మా ఇంటాయన పెళ్లయినప్పట్నుంచీ సెప్తానే ఉండాడు కూర్చోమని. మార్చు."

"మార్చకూడదు టీచరుగారూ" అంది భార్గవి. "మేం మా ఇష్టానికి ఎంచుకుంటే చురుగ్గా ఉన్నవాళ్లనే కసరత్తులో వేసుకుంటాం. అప్పుడు వాళ్లు బాగుపడింది కసరత్తు వల్లో, వాళ్ల చురుకుదనం వల్లో తెలియదు. మీరు చేయకుండా ఉంటేనే, చేసినవాళ్లకు ఎంత మేలు జరిగిందో తెలిసేది. ఎవరు చెప్పినా కసరత్తు చేయనని మాటివ్వండి."

ఇందిరమ్మ చేతికర్ర పక్కన పెట్టింది. ఆ పిల్ల చేతిలో చెయ్యి వేసి మాటిచ్చింది. ఆమె మాట తప్పే మనిషి కాదు. నా బాధ కూడా అదే. ఆమె మాట తప్పాననుకుని ఉంటే ఇంత కథే లేదు.

ప్రతి గురువారం కుప్పం పోవాలి. ఆ బస్సులో పరిచయమైంది బద్రున్నీసా. మదనపల్లెలో పట్టుదారం తీసే కార్ఖానాలో పని. పట్టుకాయలు ఉడికే వేడినీళ్ల తొట్టి పక్కన తడి నేల మీద జారి మోకాలు పాడుచేసుకుంది. పొద్దస్తమానం నిలబడి చేసే పని. కాలు బాగుపడకపోతే షావుకారు ఇంకొకర్ని పెట్టుకుంటాడని భయం. ఆమె కవర్లో కసరత్తు వచ్చింది.

"ఎట్ల సేస్తాండావు బద్రూ? కాలు ఎంత ఎత్తుకు లేస్తాండాది?" అని ఇందిరమ్మ ఆశగా అడిగింది. తనకు దొరకనిది కనీసం వినాలని.

"యాడ సేసేది టీచరక్కా? ఉండేదొకటే గది. మామ ఈడ, మరిది ఆడ. ఆ భార్గవమ్మేమో పండుకోని కాలు పైకెత్తు అంటాది. ఎత్తితే ఇంట్లో ఉండనిస్తారా నన్ను? నేనింతవరకూ ఒక్కరోజు గూడా సెయ్యల్యా!"

బస్సులో చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఇందిరమ్మ నవ్వలేదు. ముఖం ఎర్రగా అయింది.

"నా ముందర్నించి కంచం తీసి నీకు పెడితే నువ్వు కుక్కకు పారబోస్తాండావా? నీ కాలు నీదే గాదు, నా కాలు గూడా! నువ్వు బాగుపడితేనే గదా నేను కూర్చున్నదానికి అర్థముండేది? రేపట్నుంచి నేనొస్తా. యాడ సేస్తావో సూస్తా!"

అన్నంత పనీ చేసింది. దినం మార్చి దినం బడి వదలగానే కర్ర టకటకలాడించుకుంటూ మదనపల్లె బస్సెక్కేది. ఎక్కడికే అంటే బద్రుకు తోడు అనేది. తోడంటే పక్కన కూర్చోవడమనుకున్నాను. ఈ మనిషి ఎవరి పక్కనైనా ఊరికే కూర్చుంటుందని ఎలా అనుకున్నానో నాకిప్పటికీ అర్థం కాదు.

కొన్ని వారాలకు కర్ర ఇంట్లో మరిచిపోయి పోవడం మొదలుపెట్టింది. "వేడినీళ్ల సంచి బలే పని చేస్తాండాదబ్బా" అని మురిసిపోయేది. రాత్రి పూట సంచి మోకాలి మీద పెట్టుకుని దాన్ని బిడ్డను నిమిరినట్టు నిమిరేది. ఒకనాడు కదిలిపోతున్న బస్సు వెనక నాలుగడుగులు పరిగెత్తి ఎక్కిందని కండక్టరు వచ్చి నాకు చెప్పాడు. నాకూ సంతోషమే. ఎవరికి చేదు?

నాకు గడియారం సామాన్లు మదనపల్లెలో కొనాల్సి వచ్చి ఒకరోజు ఆమెతోనే పోయాను. కార్ఖానా మేడమీద పట్టుదారం చుట్టలు ఆరబెట్టే కొట్టం ఉంది. సాయంత్రం అక్కడికి మగవాళ్లెవరూ రారు. కింద ఉండమని నాకు చెప్పి ఆమె పైకి పోయింది. ఎంతసేపటికీ దిగదు. ఆఖరి బస్సు తప్పిపోతుందని పిలవడానికి మెట్లెక్కాను.

చూద్దును కదా, చాపల మీద ఆడవాళ్లు వరసగా, పొడవు ప్రకారం సర్దినట్టు, వెల్లకిలా పడుకుని ఉన్నారు. అందరి కాళ్లూ గాల్లో. ఒక్క బద్రు కాదు, కుప్పం బస్సులో వచ్చే మదనపల్లె వైపు ఆడవాళ్లంతా అక్కడే. వాళ్లకు ఎదురుగా ఇంకో చాప మీద మా ఆవిడ. ఆమె కాలు అందరికన్నా పైకి! "ఎత్తు... నిలుపు... నిలుపు... దింపు!" అని గొంతు ఖంగున మోగుతోంది. నన్ను చూడగానే కేకలు, అన్ని కాళ్లూ ధబ్బున కింద పడ్డాయి. నేను గోడ వైపు తిరిగి నిలబడిపోయాను.

బస్సులో అడిగాను. "ఏమే, సెయ్యనని ఆ పిల్లకు మాటిచ్చినావు గదా?"

"నేను యాడ సేసినా?" నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేను సూపించినా."

"నీ కాలు గాల్లో ఉండింది గదే!"

"సూపించేటప్పుడు నా కాలు లెక్కలోకి రాదబ్బా. బడిలో పిల్లోల్లకు గుంజీలు సూపించినాననుకో, నేను గుంజీలు తీసినట్టా? నన్నెవురన్నా శిక్షించినట్టా? ఎదురుగా ఒకరు చెయ్యకుంటే వాళ్లకెట్ల వస్తాది? సేసేది వాళ్లు. నాది డ్యూటీ."

పదేళ్లకు పైగా పిల్లల ముందు చేసిన పని అది. చూపించడం ఒకటి, చేయడం ఒకటి అని ఆమె ఎముకల్లో ఇంకిపోయింది. ఆమె గొంతులో అనుమానమే లేదు. వింటూ వింటూ నాకూ సరేననిపించింది.

"మరి వాళ్లందరూ కసరత్తు గ్రూపేనా?"

"సగం మంది. మిగతావాళ్లు ఊరికే తోడొచ్చినారు. నలుగురు సేస్తాంటే ఇద్దరు మూల కూర్చోని సూస్తారా? వాళ్లూ వరసలోకి వచ్చినారు. వరసలోకి వచ్చినోల్లను పొమ్మని యాడ సెప్పేది?"

మా వైపు అంతే కదా. నలుగురు తింటుంటే ఐదో మనిషిని పక్కన కూర్చోబెట్టి చూడమనరు.

రెండువేల మూడు మే నెలలో చివరి కొలతలు. నేనూ వెంట పోయాను. కుర్చీలోంచి లేపారు, ఒంటికాలి మీద నిలబెట్టారు, మెట్లు ఎక్కించారు, వరండా పొడవునా పరిగెత్తించారు. ఇందిరమ్మ గుర్రంకొండ పిల్లలా దౌడు తీసింది. బద్రున్నీసా కూడా మెట్లు దిగి వచ్చి మోకాలిని ముద్దు పెట్టుకుంది. అంతా నవ్వులే. భార్గవి ఒక్కతే నవ్వలేదు. ఇందిరమ్మ చేతిలో కాగితం పెట్టింది. ఈమె పరిగెత్తగలదు, ఆటలు నేర్పగలదు అని రాసి, కింద ముద్ర కొట్టి ఉంది. జూనుకు ఇంకా రోజులున్నాయి.

"యాలమ్మా అట్లుండావు?" అని అడిగింది ఇందిరమ్మ.

"ఏం లేదు టీచరుగారూ. నేను అనుకున్నట్టు రాలేదు. కసరత్తు చేసినవాళ్లూ, విశ్రాంతి తీసుకున్నవాళ్లూ దాదాపు ఒకేలా బాగుపడ్డారు. ఉన్నదే కొద్దిమంది కదా, తేడా కనపడటం లేదు. ఇంక ఈ గదెందుకు, వేరే పనికి వాడుకుందాం అంటున్నారు సుదర్శన్ సార్. ఆయన తప్పు లేదు. లెక్క అలా ఉంది" అంది భార్గవి.

నాకు బస్సు ధ్యాస. ఇందిరమ్మ చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వచ్చాను. సరిగ్గా అప్పుడే శాంతిపురం నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. పిల్ల పేరు శ్రుతి. పదిహేనేళ్లుంటాయేమో. కబడ్డీలో మోకాలు తిరిగిందట, తల్లి భుజం పట్టుకుని కుంటుతోంది. సుదర్శన్‌గారు కాలు చూసి, తెలిసినంతలో మంచి మాటే చెప్పాడు.

"ఇంటికి పోయి విశ్రాంతిగా కూర్చో తల్లీ. కసరత్తులూ అవీ ఏమీ అక్కర్లేదు. మొన్ననే మేం చూశాం."

"ఎన్నాళ్లు కూర్చోవాల సార్?"

"తగ్గేదాకా."

ఆ పిల్ల ముఖం చూశాను. కుర్చీలో స్టూలు మీద కాలు పెట్టుకుని కూర్చున్న ఇందిరమ్మ ముఖం అలాగే ఉండేది. నా చేతిలో ఉన్న చెయ్యి బిగుసుకుంది.

"రావే, బస్సెళ్లిపోతాది" అన్నాను. నిజం చెబుతున్నాను, ఆమె ఏం చేయబోతోందో నాకు తెలిసిపోయింది. భయమేసింది.

చెయ్యి విడిపించుకుని వెనక్కి పోయింది.

"భార్గవమ్మా, ఆ పిల్లను కూర్చోబెట్టొద్దు. మేం సేసినాం. విశ్రాంతి గ్రూపులో ఉండి గూడా మదనపల్లె వైపు ఆడోల్లం అందరం కసరత్తు సేసినాం. నేనే వరసలో పండబెట్టి సేయించినా."

భార్గవి చేతిలో ఉన్న కాగితాలు పక్కన పెట్టింది. "మీరు... మీరు కూడా చేశారా? మాటిచ్చారు కదా?"

"నేను సెయ్యలేదమ్మా, ఒట్టు. సూపించినా అంతే."

భార్గవి ఆమె మోకాలి వైపు చూసింది. "మోకాలికి ఆ తేడా తెలియదు కదా టీచరుగారూ" అంది మెల్లగా.

ఇన్నాళ్లూ వేడినీళ్ల సంచిని నిమురుతూ మురిసిన మనిషి, ఒక్కసారిగా తన మోకాలిని ఎవరిదో కాలు చూసినట్టు చూసింది. భార్గవి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఏడాది పనండీ ఇది నాకు" అని లోపలికి పోయి తలుపేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మాట తప్పినవాళ్ల కొలతలన్నీ తీసేశారు. మిగిలినవాళ్లతో ఏదీ తేలదు. పరిశోధనలో లేని మనిషికి పరిశోధన కాగితం ఎలా చెల్లుతుంది? ఎవరూ అడగలేదు. ఇందిరమ్మే రెండు చేతులతో బల్ల మీద పెట్టి వచ్చేసింది.

బస్సులో నా కోపం ఆగలేదు. "ఆ కాగితం తీసుకోని గమ్మున దిగొచ్చింటే నీ సొమ్మేం పోయేదే? నీ గ్రౌండు నీకొచ్చేది గదా!"

"ఆ పిల్ల కూర్చోనుండేది" అంది.

జూనులో బడికి కొత్త డ్రిల్లు టీచరు వచ్చింది. ఇందిరమ్మ లైబ్రరీలోకి పోయింది. కిటికీ మూసేసుకునేదట, ఆ అరుపులు వినలేక. ఇంట్లో తిరగడం ఇంకా ఎక్కువైంది. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి. కంచం పట్టుకుని తిరిగేది, కానీ కంచంలోది అలాగే ఉండేది.

ఒక గురువారం పొద్దున చూస్తే మనిషి లేదు. కుప్పం పోయిందని సాయంత్రం తెలిసింది. భార్గవి సుదర్శన్‌గారి కాళ్లావేళ్లా పడి ఇంకొక్క ఏడాది గది అడిగి తెచ్చుకుందట. మొదటినుంచి మళ్లీ. అయితే విశ్రాంతి గ్రూపే కష్టం. ఇళ్లలో ఆడవాళ్లు ఊరికే కూర్చోరు, కూర్చోనివ్వరు, ఎవరో ఒకరు చూసింది చూసినట్టు చేసేస్తారు.

"కూర్చోబెట్టే పని నాకియ్యమ్మా అని అడిగినా" అంది ఇందిరమ్మ.

"నువ్వా!" అని నేను కంటికున్న అద్దం తీసేశాను.

"నేనే. సెడగొట్టింది నేనే గదా."

మదనపల్లె మేడమీద కసరత్తు గ్రూపును ఇప్పుడు బద్రున్నీసా చూసుకునేది. మెట్ల దగ్గర నిలబడి, ఎవరి కవర్లో ఏముందో అడిగి గానీ లోపలికి వదిలేది కాదు. "తోడొచ్చినా అంటే కాళ్లిరగ్గొడతా" అని బెదిరించేదట.

ఇక శాంతిపురం శ్రుతి. ఆ పిల్ల కూడా చేరింది, తన చేత్తోనే కవరు చింపింది. విశ్రాంతి వచ్చింది. చూశారా రాత! ఎవరిని కూర్చోబెట్టవద్దని ఇందిరమ్మ తన గ్రౌండు వదులుకుందో, ఆ పిల్లనే మూడు నెలలు కూర్చోబెట్టాల్సి వచ్చింది. "మార్చమని అడుగు అక్కా" అని ఆ పిల్ల ఏడిస్తే, "మార్చకూడదు నాయనా. ఈ మూడు నెల్లు నువ్వు కూర్చుంటే, నీ ఎనకొచ్చే పిల్లోల్లు కూర్చోబన్లేదు. అయినాక నేనే నేర్పిస్తా" అని ఓదార్చింది. సెలవు దొరికిన ప్రతి రోజూ శాంతిపురం బస్సెక్కేది.

ఒక ఆదివారం నేనూ పోయి చూశాను. శ్రుతి మంచం మీద, మోకాలి మీద వేడినీళ్ల సంచి. ఎదురుగా కుర్చీలో మా ఆవిడ. కూర్చుని ఉంది! ఖోఖో పోటీల కబుర్లు చెబుతోంది. చెబుతున్నంతసేపూ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది, పాదాలు కుర్చీ కాళ్లకు మెలివేసుకుంది. కథలో ఎవరో పరిగెత్తినప్పుడు భుజాలు అదిరేవి. వెంటనే అణచుకునేది. శ్రుతి తల్లి అన్నాలు తెస్తే కంచం ఒళ్లో పెట్టుకుని, కదలకుండా, ముద్ద ముద్దా తింది.

పదిహేనేళ్లు కూర్చోవే కూర్చోవే అని పోరినవాణ్ని నేను. ఆ రోజు ఆమెను అలా చూడలేకపోయాను. "పోదాం పావే, రవంత తిరిగొద్దాం" అన్నాను.

"నేను లేస్తే ఆ పిల్ల గూడా లేస్తాదబ్బా" అంది, తల ఎత్తకుండా.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆమె మళ్లీ గ్రౌండుకు పోయింది. భార్గవి విడిగా పరీక్ష చేసి రాసిచ్చిన కాగితం చూసి ఆమెను గ్రౌండుకు పంపడమే, శాంతకుమారిగారు తన రిటైర్మెంటుకు ముందు చేసిన చివరి పని. చలికాలం పొద్దుటిపూట కాస్త కుంటుతుంది. కంచం పట్టుకుని ఇప్పటికీ తిరుగుతుంది. నేను నోరెత్తను. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు, కుప్పంలో ఆ చివరి గురువారం గురించి.

ఆ రోజు కొలతలన్నీ అయిపోయాయి. భార్గవి బయటికి వచ్చింది. కళ్లజోడు వెనక కళ్లు మెరుస్తున్నాయి. ఈసారి తేడా ఎవరికైనా కనిపించేంత ఉందట. కసరత్తు చేసినవాళ్లు మెట్లు దిగుతుంటే, విశ్రాంతివాళ్లు ఇంకా గోడ పట్టుకునే ఉన్నారు. గది ఉంటుంది. ఇక మీద వచ్చినవాళ్లకు మొదటి రోజు నుంచే కసరత్తు. సుదర్శన్‌గారే స్వయంగా చెప్పాడు.

శ్రుతి బల్ల మీద కూర్చుని ఉంది. పక్కనే మా ఆవిడ, చేతులు తొడల కింద పెట్టుకుని. అలవాటైపోయింది పాపం.

"అయిపోయింది టీచరుగారూ, ఇంక లేపండి" అంది భార్గవి.

ఇందిరమ్మ లేవలేదు. విన్నది నిజమో కాదో అన్నట్టు మా అందరి ముఖాలూ చూసింది. నేను పొద్దున అంగడి సొరుగులోంచి తీసి జేబులో వేసుకున్న ఈలను బయటికి తీశాను. నల్లతాడు రంగు వెలిసిపోయింది. ఆమె మెడలో వేశాను. ఆమె దాన్ని పిడికిట్లో పట్టుకుంది, ఊదలేదు. చాప పరిచింది. శ్రుతిని చెయ్యిపట్టి దించి పడుకోబెట్టింది. ఎదురుగా ఇంకో చాప పరిచి నిలబడి, భార్గవి వైపు తిరిగింది.

"ఇప్పుడు సూపించొచ్చా అమ్మా?" అని అడిగింది.

భార్గవి తలూపింది. నేను మళ్లీ గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఈసారి నా కళ్లనిండా నీళ్లు.